చిటికెడు

మధ్యాహ్నం రెండు గంటలకు
వంటశాల వెనక తీగ మీద ఆరేసిన చొక్కాలు
నేను చదివే పేపరు.

గుడిపాల దాటినాక ఈ బయలులో
కత్తిరి పుట్టిందంటే కాకి కూడా కొళాయి వదలదు.
నలభై మంది పిల్లకాయలు
వీపున ఇసక మూటలు, భుజాన తుపాకులు,
చీకటితో పోయి పొద్దెక్కినాక వస్తారు.
విడిచిన చొక్కాల వీపుల మీద
చెరువు ఇంకిపోతా ఇంకిపోతా వదిలిన అంచుల మాదిరి
ఉప్పు గీతలు.
ఒకటుంటే ఫరవాలేదు.
మూడుంటే మాత్రం
కాలరు తిప్పి నంబరు చూసి
రేపటికి వాడి మజ్జిగ గ్లాసు వేరే పెడతా.

డాక్టరమ్మ ఒక కాయితం ఇచ్చింది, అన్నీ అంకెలే.
ఇన్ని కేలరీలు, ఇంత సోడియం, గంటకిన్ని నీళ్ళు.
అన్నం మెతుకులతో గోడకు అంటించినా.
మరుగుదొడ్లో ఇంకోటి తనే అంటించింది,
రంగుల పట్టీ.
దాని అర్థం పిల్లోళ్ళకు నేను చెప్పినా:
పోసేది గంజినీళ్ళ రంగైతే పరిగెత్తండి,
టీ డికాషన్ రంగైతే
నా దగ్గరికి రండి, సారు దగ్గరికి కాదు.
పడీపడీ నవ్వినారు.
మర్నాడు ఆ నవ్విన నోళ్ళే
గరిటె ముందర వరస కట్టినాయి.

ఎండ మొదట తినేది ఆకలిని.
ఆ సంగతి కాయితంలో లేదు.
పొగలు కక్కే అన్నం, పప్పు, కోడికూర
లెక్క ప్రకారం వడ్డిస్తే
లెక్క ప్రకారం కుక్కల పాలైంది మొదటి వారమంతా.
అప్పుడు దించినా అటక మీంచి మా అమ్మ కుండ.
రాత్రి కాచి పులియబెట్టిన రాగి అంబలి,
కొరుక్కోను చిన్న ఎర్రగడ్డలు,
ఉలవ గుగ్గిళ్ళు, చెనక్కాయలు, బెల్లం ముక్క.
గాలి తిరిగినాక సాయంత్రం సంగటి, ఊరుబిండి.
పంజాబు హవల్దారు ముద్దను నమల్తా కూచున్నాడు.
నమలకూడదు సార్, మింగాల అంటే
తూటా మింగమన్నట్టు చూసినాడు నన్ను.
నెల తిరక్కముందే
రెండో ముద్దకు తట్ట చాపినాడు.

ఢిల్లీబాబు ఒక్కడే.
నగరి నేతగాళ్ళ బిడ్డ, ఈనెపుల్ల ఒళ్ళు,
పరుగులో ఎప్పుడూ వాడే ముందు.
వాడి చొక్కా మీద గీత ఉండేది కాదు.
చెమట తక్కువ ఒళ్ళేమోలే అనుకున్నా.
పన్నెండో కిలోమీటరు రాయి కాడ పడినాడు.
ఒళ్ళు పెనం. చెమట చుక్క లేదు.
పేరడిగితే ఇంట్లో మగ్గాలెన్నో చెప్పినాడంట.
చంకల్లో ఐసుగడ్డలు, మీద తడి గోనెపట్టాలు,
చిత్తూరు పెద్దాసుపత్రికి జీపు.

ఆ సాయంత్రం చూసినా.
ముందురోజు చొక్కా తీగ మీదే ఉంది,
సబ్బు వాసన.
రోజూ అందరికంటే ముందొచ్చి
ఎవరూ చూడకుండా జాడించి ఆరేసేవాడు,
గ్లాసు వేరే పెడితే నామోషీ అని.
కరివేపాకు చెట్టు మొదట్లో మన్ను
తెల్లగా పెచ్చు కట్టి ఉంది,
నెల రోజుల మజ్జిగ.
కడుపులో నీళ్ళు కదిలితే
కాళ్ళు బరువవుతాయని ఎవరు చెప్పినారో వానికి.

ముప్పై తొమ్మిది చొక్కాలు చదివినా.
ఏమీ రాయని దాన్ని చదవలేకపోయినా.

బతికినాడు. పట్టు మగ్గం కాడ ఉన్నాడంట ఇప్పుడు.
నేనిప్పుడు గొంతులో గుటక కదిలేదాకా
ఒక్కొక్కని ముందరా నిలబడతా,
చాదస్తం అనుకున్నా సరే.

మొన్న బార్మేరు నించి గజపతి ఫోను:
అన్నా, ఇక్కడ ఇసకలో గుడ్లు ఉడుకుతాయి,
ఆ మజ్జిగలో ఉప్పెంత?
చిటికెడు అన్నా.
నా చిటికెనా, నీ చిటికెనా అన్నాడు.

డాక్టరమ్మ త్రాసు తెచ్చింది.
ముప్పై ఏళ్ళ చేతిని మొదటిసారి తూకానికి పెట్టినా.
ఒక అంకె వచ్చింది.
ఇంకోసారి వెయ్యమంది.
వేళ్ళు డబ్బాలో ఉన్నప్పుడు
కరివేపాకు చెట్టు కింది మన్ను గుర్తొచ్చింది.
అంకె రొంత పెరిగింది.

ఏది చెప్పమంటావు అంది డాక్టరమ్మ ఫోను పట్టుకోని.
రెండోదే చెప్పమన్నా.